సారె సామాను నేనే సమకూర్చుకుంటున్నాను

శ్రావణమాసంలో తాంబూలాలు పుచ్చుకున్నాం. పెళ్ళి ముహూర్తం మాఘమాసంలో కుదిరింది. ఈ నడుమ నెలలన్నీ చీరలకూ నగలకూ సరిపోతాయని ఇంట్లో అందరూ అనుకున్నారు. నా మనసు మాత్రం మొదటి నుంచీ వంటింటి మీదే ఉంది. పెళ్ళయ్యాక మేమిద్దరం ఉండబోయేది విశాఖ సాగర్ నగర్‌లో, బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న ఫ్లాటులో. ఆ వంటగదిని చూసి వచ్చిన రోజే అమ్మను అడిగాను, సారె సామాను సంగతి నాకు వదిలేయమని. అమ్మ ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది. "ఏ గిన్నె కొన్నా అందులో ఏం వండుతావో ముందు చెప్పు. ఆ తరువాతే డబ్బులిస్తాను" అంది.

ఆ షరతు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మా వైపు సారె సామాను సాధారణంగా ఒక్క పూటలో కొనేస్తారు. అమ్మాయి తరపు పెద్దలు నలుగురూ పూర్ణా మార్కెట్టుకు వెళ్ళి, దుకాణంవారి దగ్గర సిద్ధంగా ఉన్న జాబితా ప్రకారం స్టీలు సామాను కట్టించుకుని, ఆటో నిండా వేసుకుని వస్తారు. పెళ్ళిలో అవన్నీ వరుసగా పేర్చితే చూడముచ్చటగానే ఉంటుంది. ఆ తరువాత వాటిలో సగానికి పైగా అటకెక్కుతాయి. మా ఇంటి అటక మీద అమ్మ పెళ్ళినాటి గుండిగలు, పెద్ద తప్పేలాలు ఇప్పటికీ కాగితాలు చుట్టి ఉన్నాయి. అవి దిగేది ఇంట్లో శుభకార్యం జరిగినప్పుడే. అమ్మ రోజూ చేతికి తీసుకునే గిన్నెలు వేరు. అవేవో తెలుసుకోవాలని కొన్నాళ్ళ పాటు ఆమె వంట చేస్తుంటే పక్కన నిలబడి గమనించాను.

అమ్మ వంటంతా చిన్న కుక్కరు, ఒక అడుగు మందం గిన్నె, ఇనుప మూకుడు, అట్ల పెనం, రాచ్చిప్ప, పాలగిన్నె, పోపు గరిటె మీద నడుస్తోంది. పప్పుగుత్తి, కత్తిపీట, చిల్లుల గరిటె సరేసరి. మిగిలినవి చుట్టాలు వచ్చినప్పుడు కనిపిస్తాయి. ఇద్దరు మనుషుల ఇంటికి ఇంతకు మించి ఏం కావాలి? ఆ చిన్న జాబితానే నా నోటుపుస్తకంలో రాసుకుని, ఒక్కొక్క వస్తువు ఎదురుగా అందులో వండబోయే వంటకం పేరు రాశాను. రాచ్చిప్ప ఎదురుగా ఉల్లిపాయ పులుసు. ఇనుప మూకుడు ఎదురుగా దిబ్బరొట్టె. ఇత్తడి గిన్నె ఎదురుగా పరమాన్నం. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ పేజీ నాకు శుభలేఖ కన్నా ప్రియమైపోయింది.

రాచ్చిప్పతో మొదలుపెట్టాను. రోడ్డు పక్కన రోళ్ళూ సన్నికల్లులూ పెట్టుకుని అమ్మే ఒకావిడ దగ్గర దొరికింది. అమ్మమ్మ వెంట వచ్చి, చిప్పను రెండు చేతుల్లోకి తీసుకుని లోపలా వెలుపలా వేళ్ళతో తడిమి చూసింది. వేలి గోరుతో అడుగున గీసింది. సన్నని తెల్ల గీత పడింది. "ఇది మెత్తని రాయి, మంచిది" అంది. రాచ్చిప్ప చేసే రాతిలో ఎక్కువ భాగం, ముఖానికి రాసుకునే పౌడరుకు వాడే ఖనిజమే. అందుకే గోటితో గీసినా గీత పడుతుంది, పట్టుకుంటే సబ్బులాగా నున్నగా ఉంటుంది. తరువాత చిప్పను వెలుగుకు ఎదురుగా పట్టుకుని సన్నని చీలికలేమైనా ఉన్నాయా అని అంచు చుట్టూ చూసింది. చీలిక ఉన్న చిప్ప మొదటి మంటకే విచ్చిపోతుందట.

కొత్త రాచ్చిప్పను నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు. దాన్ని మంటకు అలవాటు చేయాలి. కడిగి బాగా ఆరాక ఆముదంలో పసుపు కలిపి లోపలా వెలుపలా పట్టించి ఎండలో పెట్టాం. సాయంత్రానికి రాయి నూనెను తాగేసి మళ్ళీ పొడిగా కనిపించింది. మళ్ళీ పట్టించాం. బూడిద రంగులో ఉన్న చిప్ప రోజురోజుకూ నల్లబడుతూ వచ్చింది. ఆ పని నాకు ఎంతో ఇష్టమైంది. ఉద్యోగం నుంచి ఇంటికి రాగానే ముందుగా డాబా మీదకు వెళ్ళి దాన్ని ముట్టుకుని చూసేదాన్ని. నూనె పీల్చుకోవడం తగ్గాక, అన్నం వార్చిన వేడి గంజిని పోసి రాత్రంతా ఉంచేవాళ్ళం. పొద్దున పారబోసి కడిగి, సాయంత్రం మళ్ళీ గంజి. రాతిలోని సన్నని రంధ్రాల్లో నూనె, గంజి దిగి నిలిచిపోతాయి. ఆఖరున నీళ్ళు పోసి చిన్న మంట మీద పెట్టి, నెమ్మదిగా మరగనిచ్చాం. మరుగుతున్నంత సేపూ అమ్మమ్మ పక్కనే కూర్చుంది, చిప్ప చప్పుడు వింటూ. ఏ చప్పుడూ రాలేదు. "ఇక నీదే" అంది.

అందులో చేసిన మొదటి వంట ఉల్లిపాయ పులుసు. చిన్న ఉల్లిపాయలను ముక్కలు చేయకుండా నూనెలో మగ్గించి, చింతపండు పులుసు పోసి, ఉప్పు, పసుపు, పచ్చిమిర్చి చీలికలు వేసి, దగ్గర పడుతుండగా బెల్లం వేశాను. ఉత్తరాంధ్ర పులుసులో బెల్లం పడకపోతే అది మా ఇళ్ళలో పులుసు కాదు. బెల్లానికి మేం దూరం వెళ్ళనక్కర్లేదు, పక్కనే అనకాపల్లి ఉంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటి. కొనేటప్పుడు మాత్రం పసుపుపచ్చగా మెరిసేదాన్ని తీసుకోను. ఆ రంగు కోసం పాకంలో రసాయనం కలుపుతారు. ముదురు గోధుమ రంగులో కాస్త జిగురుగా ఉండే బెల్లమే పులుసుకు బాగుంటుంది. చివర కొంచెం బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోసి, ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టాను. పొయ్యి కట్టేశాక కూడా రాచ్చిప్పలో పులుసు కుతకుతమంటూ చాలాసేపు ఉడుకుతూనే ఉంది. రాయి వేడిని పట్టుకుని మెల్లగా వదులుతుంది. అందుకే ఇంకాస్త చిక్కబడాలి అనిపించినప్పుడే మంట ఆర్పాలి. చింతపండు పులుపు రాతిని ఏమీ చేయదు కాబట్టి మిగిలినదాన్ని రాత్రి దాకా అందులోనే ఉంచినా రుచి చెడదు. నాన్న రెండోసారి అన్నం కలుపుకున్నారు. వేళ్ళ సందుల్లోని పులుసు కూడా వదల్లేదు. ఆ రోజంతా నేను నవ్వుతూనే ఉన్నాను.

ఇనుప సామాను సంగతి విశాఖలో కొంచెం వేరుగా చెప్పాలి. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది. ఇక్కడ ఇనుము తొందరగా తుప్పు పట్టడానికి అదే కారణం. బీచ్ రోడ్డు పక్క ఇళ్ళ కిటికీ ఊచలు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. అందుకని చాలామంది ఇనుప పెనాలు మానేసి, అంటుకోని పూత ఉన్న పెనాలు కొంటున్నారు. నేను ఇనుమే ఎంచుకున్నాను. పూత పెనం కొన్నేళ్ళకు గీతలు పడి పారేయవలసి వస్తుంది. ఇనుప మూకుడు, పెనం సరిగా చూసుకుంటే మనవరాలి దాకా నిలుస్తాయి. మా అమ్మ వాడే మూకుడు నానమ్మది.

పెనాన్ని, మూకుడును బాగా తోమి, గంజిలో నానబెట్టి, కడిగి, మంట మీద చెమ్మ లేకుండా ఆరబెట్టాను. తరువాత గుడ్డతో నూనె పూసి, పూసిందంతా తుడిచేశానా అనిపించేంత పల్చగా చేసి, పొగ వచ్చేదాకా కాల్చాను. చల్లార్చి మళ్ళీ అదే పని. పల్చని నూనె వేడికి గట్టిపడి ఇనుముకు అంటుకుని నల్లని పొరగా మారుతుంది. నూనె ఎక్కువైతే ఆ పొర జిగటగా మిగిలిపోతుంది, కాబట్టి ఎంత పల్చగా ఉంటే అంత మంచిది. ఆపైన సగం ఉల్లిపాయను ఫోర్కుకు గుచ్చి, నూనెలో ముంచి పెనమంతా రుద్దాను. ఇప్పుడు అట్టు వేస్తే అంచులు వాటంతటవే లేస్తున్నాయి. వాడిన ప్రతిసారీ కడిగి, మంట మీద ఆరబెట్టి, ఒక చుక్క నూనె రాసి పెడుతున్నాను. సాగర్ నగర్ ఇంట్లో కూడా ఈ ఒక్క అలవాటు తప్పకపోతే ఉప్పు గాలి దాన్ని ఏమీ చేయలేదు. చింతపండు, టమాటా మాత్రం ఇనుములో ఉడికించను. పులుపు ఆ నల్లపొరను తినేస్తుంది.

మూకుడులో దిబ్బరొట్టె గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. మినప్పిండిలో బియ్యపు రవ్వ, జీలకర్ర, ఉప్పు కలిపి, నూనె కాగిన మూకుడులో మందంగా పోసి, మూత పెట్టి, మంట బాగా తగ్గించి వదిలేయాలి. కదపకూడదు, తొందరపడి మూత తీయకూడదు. కాసేపటికి అడుగు నుంచి వేగిన మినుముల వాసన ఇల్లంతా పరుచుకుంటుంది. తిరగేసినప్పుడు అడుగు భాగం ఎర్రగా, చిటపటలాడుతూ, అంచులు గట్టిగా ఉంటాయి. లోపల దూదిలా మెత్తగా ఉంటుంది. మా ఇంట్లో దానికి తోడు తేనెపాకం లేదా కొబ్బరి పచ్చడి. పచ్చడి కోసం ఒక చిన్న రాతి రోలు కూడా కొన్నాను. మిక్సీ ఉంది, అయినా రోటి పచ్చడి రుచి వేరు. ఇద్దరికి సరిపడా పచ్చడికి రోట్లో పట్టే సమయం కూడా ఎక్కువేమీ కాదు.

స్టీలు సామాను కోసం పూర్ణా మార్కెట్టుకు అమ్మా నేనూ కలిసే వెళ్ళాం. పాత నగరంలోని ఆ వీధులంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఒక పక్క ఎండుమిర్చి బస్తాల ఘాటు, ఇంకో పక్క కరివేపాకు కట్టలు, వాటి మధ్య నుంచి దారి చేసుకుంటూ వెళితే గిన్నెల దుకాణాలు. స్టీలులో రకాలున్నాయని అక్కడి పెద్దాయన ఓపిగ్గా చెప్పారు. 304 అన్న అంకె ఉన్న స్టీలులో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి. క్రోమియం గాలి తగిలి పైన ఒక పల్చని పొర కడుతుంది, తుప్పును ఆపేది ఆ పొరే. ఉప్పు దానికి శత్రువు. చల్లని నీళ్ళలో ఉప్పు వేసి వదిలేస్తే అడుగున సన్నని గుంతలు పడతాయి. నీళ్ళు మరిగాకే ఉప్పు వేయమని అమ్మ ఎప్పుడూ చెబుతుంది, కారణం ఇప్పుడు తెలిసింది. గ్యాసు అయిపోయినప్పటి కోసం ఇండక్షన్ పొయ్యి కూడా పెట్టుకోవాలనుకున్నాం. అందుకని దుకాణంలో ప్రతి గిన్నె అడుగుకూ అయస్కాంతం అంటించి చూశాం. అంటుకున్నవే తీసుకున్నాం.

కుక్కరు మూడు లీటర్లది చాలనుకున్నాను. దాని మీద ఐఎస్ఐ గుర్తు, పక్కన ఐఎస్ 2347 అన్న అంకె ఉన్నాయో లేదో చూసి మరీ కొన్నాను. కుక్కరులో ఒత్తిడి వల్ల నీళ్ళు 100 డిగ్రీల దగ్గర కాకుండా 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. కందిపప్పు అంత త్వరగా మెత్తబడేది అందుకే. పప్పుగుత్తితో ఎనపడానికి మాత్రం కొయ్యదే కొన్నాను. కొయ్య పప్పుగుత్తి కింద పప్పు నలుగుతుంది కానీ పిండి కాదు.

ఆ దుకాణంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి గిన్నెల మీద పేర్లు వేయించడం. ఇచ్చినవారి పేరు, తేదీ వేయించడం మా ఇళ్ళలో అలవాటు. నేను పేర్ల బదులు వరసలు వేయమన్నాను. అమ్మమ్మ, పెద్దమ్మ, మేనత్త, పిన్ని అని. పేర్లు వేసే ఆయన ఒక మూల ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నారు. చేతిలో కరెంటుతో నడిచే సన్నని సూది. గిన్నెను ఎడమ మోకాలికి ఆనించి, అంచును బొటనవేలితో తిప్పుతూ, ముందుగా ఏ గీతా గీసుకోకుండానే మొదలుపెట్టారు. ఝుమ్మని చప్పుడు. సన్నని చుక్కలు ఒకదాని పక్కన ఒకటి పడుతూ 'మే' అయింది, 'న' అయింది, 'త' అయింది, కింద తవత్తు చేరింది. తలకట్లు మాత్రం వదిలేశారు. వరస మొత్తం పూర్తయ్యాక గిన్నెను వెనక్కి తిప్పి, ఆ తలకట్లన్నీ ఒకే ఊపులో పెట్టేశారు. వంపు తిరిగిన అంచు మీద ఒక్క అక్షరం కూడా పైకీ కిందకీ పోలేదు. ఎన్నేళ్ళుగా చేస్తున్నారని అడిగితే, మీ అమ్మగారి గిన్నెల మీద కూడా నేనే వేసి ఉంటాను అన్నారు. ఇంటికి వచ్చాక అమ్మ అటక మీది తప్పేలా దింపి చూసింది. 'త' అక్షరం వంపు అచ్చం అలాగే ఉంది.

ఇత్తడి గిన్నె ఒక్కటే తీసుకున్నాను, పరమాన్నానికి. ఇత్తడిలో రాగి ఉంటుంది, పులుపు తగిలితే అది వంటలోకి దిగుతుంది, అందుకని లోపల కళాయి తప్పనిసరి. కళాయి వేయడం చూడాలని అక్కడే నిలబడ్డాను. గిన్నెను బొగ్గుల మీద కాల్చి, లోపల నవాసారం పొడి చల్లితే తెల్లని పొగ లేస్తుంది. అది లోహం మీది మురికినంతా తీసేస్తుంది. వెంటనే తగరపు కడ్డీని తాకిస్తే కరుగుతుంది, దూదితో ఒక్క తిప్పు తిప్పేసరికి పసుపుపచ్చని గిన్నె లోపల వెండిలా మెరిసిపోయింది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఖాళీ గిన్నెను పెద్ద మంట మీద పెట్టవద్దని ఆ కళాయి వేసే ఆయన మరీ మరీ చెప్పారు. పాలు పోశాకే పొయ్యి వెలిగించాలి. పెద్దమ్మ రెండు కంచు కంచాలు ఇచ్చింది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసినవి. గోటితో మీటితే గుడి గంటలా మోగుతాయి. గంటకు వాడేదీ ఆ లోహమే, నాలుగు పాళ్ళు రాగికి ఇంచుమించు ఒక పాలు తగరం.

కార్తీకం వెళ్ళాక కాబోయే అత్తయ్య గారు మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఆమెది శ్రీకాకుళం వైపు. నేను వంట సామాను ఒక్కొక్కటిగా కొంటున్నానని కాబోయే మావారు చెప్పారట. నన్ను నేరుగా వంటింట్లోకి తీసుకువెళ్ళి, "అమ్మాయీ, చేపల పులుసు ఎందులో వండుతావు?" అని అడిగారు. నా నోటుపుస్తకంలో ఆ గడి ఖాళీగానే ఉంది. మట్టి దాక చేతిలో పెట్టారు. నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, గంజి కాచి సిద్ధం చేసిన దాక. మట్టికి వాసన పట్టుకుంటుంది కాబట్టి దీన్ని చేపలకు తప్ప దేనికీ వాడవద్దన్నారు.

ఆ రోజు పొద్దునే ఫిషింగ్ హార్బర్ నుంచి కోనాం చేప తెప్పించారు. విశాఖలో చేపల రోజులు వేరు, చేపలు లేని రోజులు వేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట ఆపేస్తారు, గుడ్లు పెట్టే కాలం కనుక. చలికాలంలో మాత్రం మంచి చేప దొరుకుతుంది. మొప్పలు ఎత్తి చూడమన్నారు, ఎర్రగా ఉన్నాయి. కన్ను ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉంది. వేలితో నొక్కితే గుంట పడకుండా తిరిగి లేచింది. ముక్కలకు ఉప్పు, పసుపు, కారం పట్టించి పక్కన పెట్టారు. దాకలో ఉల్లిపాయ ముద్ద ఎర్రగా వేగాక చింతపండు పులుసు పోసి, అది బాగా మరిగి నూనె తేలాకే ముక్కలు వేశారు. ఆ తరువాత గరిటె ముట్టుకోనివ్వలేదు. రెండు వైపులా గుడ్డతో దాకను పట్టుకుని, వలయంగా ఒక ఊపు ఊపారు. పులుసు ముక్కల చుట్టూ తిరిగింది, ఒక్క ముక్క కూడా విరగలేదు. తరువాత ఊపు నన్ను ఊపమన్నారు. చేతుల మీద చేతులు వేసి పట్టుకున్నారు. దించాక మెంతిపొడి చిటికెడు, కొత్తిమీర. "రాత్రికి ఉంచుకుని రేపు తిను, ఇంకా బాగుంటుంది" అని డబ్బాలో పెట్టి పంపించారు. నిజంగానే మర్నాటి రుచి వేరు. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ ఫోనులో మాటలకు కొదవ లేదు. పెళ్ళికి ముందు అత్తగారితో ఏం మాట్లాడాలో తెలియదని చెప్పే స్నేహితులకు నేనిదే చెబుతున్నాను, మీ ఇంట్లో పులుసు ఎలా పెడతారని అడిగి చూడమని.

కాబోయే మావారు తన వంతుగా కాఫీ ఫిల్టరు ఎంచుకున్నారు. ఉదయం కాఫీ తాను కలుపుతానన్నారు. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత మంచి గింజ మన కొండల్లోనే పండుతుంటే వేరే ఊరి పొడి ఎందుకని ఆయన పట్టుదల. రాత్రి పడుకునే ముందు ఫిల్టరులో పొడి వేసి, మరిగిన నీళ్ళు పోసి పెడితే పొద్దునకు చిక్కని డికాక్షను. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి అందరికీ కలిపి ఇచ్చారు. అమ్మ గ్లాసు ఖాళీ చేసి, సామాను జాబితాలో ఫిల్టరు పక్కన తనే టిక్కు పెట్టింది.

మసాలా దినుసులకు డబ్బాల కోసం ఏటికొప్పాక వెళ్ళాం, ఎలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. అంకుడు కర్రతో చేసే లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఊరు. బొమ్మలు చాలామందికి తెలుసు, భరిణెలు తక్కువ మందికి తెలుసు. తరిమెన మీద కర్ర గిర్రున తిరుగుతుండగా దానికి లక్క కడ్డీని అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క మెత్తబడి కర్రకు పరుచుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా నిగనిగలాడుతుంది. పసుపు, జాఫ్రా గింజలు, నీలి మందు వంటి వాటితో రంగులు తీసే పద్ధతిని ఆ ఊళ్ళో మళ్ళీ నిలబెట్టినవారు సి.వి.రాజు గారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యాలకులకు పసుపుపచ్చ భరిణె, లవంగాలకు ఎర్రది, కుంకుమకు ఇంకొకటి తెచ్చుకున్నాను. లక్క వేడిని ఓర్చదు కనుక పొయ్యికి దూరంగా కిటికీ పక్క అరలో పెడతాను. ఆ అర కొలత కూడా రాసుకున్నాను.

డిన్నర్ సెట్టు కొనలేదు. దాని ఎదురుగా రాయడానికి ఏ వంటకమూ దొరకలేదు. చుట్టాలు వస్తే అరిటాకు వేస్తాను, రైతుబజారులో ఎప్పుడూ దొరుకుతుంది. ఆ డబ్బుతో మంచి కత్తిపీట కొన్నాను. వంకాయల ముక్కలు కత్తి కన్నా కత్తిపీట మీద నాకు చక్కగా వస్తాయి.

ఇక మిగిలింది ఆవకాయ జాడీ. పెళ్ళయిన రెండు మూడు నెలలకే మామిడికాయల కాలం వస్తుంది. మా ఇద్దరికీ అది మొదటి ఆవకాయ. ఈ విషయంలో రెండు ఇళ్ళదీ రెండు దారులు. అమ్మ ఆవపిండి, కారం, ఉప్పు సమానంగా కొలుస్తుంది, వెల్లుల్లి వేయదు. అత్తయ్య గారు ఉప్పు కాస్త తగ్గించి, వెల్లుల్లి, మెంతులు వేస్తారు. ఎవరి మాటా కాదనలేను, రెండూ నాకు ఇష్టమే. అందుకని పెద్ద జాడీ ఒకటి కాకుండా చిన్నవి రెండు కొనాలని నిర్ణయించాను. ఒకటి అమ్మ కొలతతో, ఒకటి అత్తయ్య గారి కొలతతో. జాడీ లోపలి మెరుగు ఎక్కడా పగలకుండా ఉండాలి, వేలితో కొడితే ఖణేల్మనాలి, మూత అంచుకు సరిగా కూర్చోవాలి. ఇప్పటిదాకా చూసినవాటిలో ఒకటే నచ్చింది. దానికి జతగా అదే కొలతది వచ్చే వారం వస్తుందని పూర్ణా మార్కెట్టులో పింగాణీ సామాను అమ్మే ఆవిడ చెప్పారు. వచ్చాక రెండూ ఒకేసారి తెచ్చుకుని, కడిగి ఎండలో పెట్టాలి.